మంచుకొండల మీద గాలి, పెట్రోలు లెక్క
టర్బో స్నోమొబైల్‌లో ఇంధన మిశ్రమాన్ని సరిచేయడం ఎలా?



ఈ పాఠాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక ఇంజన్ ఎప్పటికంటే హుషారుగా, తేలిగ్గా, జోరుగా పరిగెత్తుతోంది. దాన్ని చూసి మీరు సంతోషించాలా, భయపడాలా?

సంతోషించాలనే చాలామంది అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. పీజీ చదివే రోజుల్లో నా దగ్గర ఒక పాత స్కూటరు ఉండేది. రెండు స్ట్రోకుల ఇంజన్, పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే రకం. మైలేజీ పెరుగుతుందని ఒక మెకానిక్ కార్బురేటర్‌లో చిన్న జెట్ వేశాడు. వారం రోజులు బండి గాలిలో తేలినట్టు నడిచింది. ఎనిమిదో రోజు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఉన్నట్టుండి వెనక చక్రం బిగుసుకుపోయింది. పిస్టన్ పట్టేసింది. ఆ నెల స్కాలర్‌షిప్ మొత్తం బోరు చేయించడానికే సరిపోయింది. కింద పడకుండా బతికి బయటపడ్డాను, అదే నా అదృష్టం.

ఆ రోజు నేను నేర్చుకున్న పాఠాన్నే ఈరోజు మీకు మరింత కఠినమైన పరిస్థితుల్లో చూపిస్తాను. మన ఉదాహరణ మంచు మీద నడిచే వాహనం, అంటే స్నోమొబైల్. అది కూడా టర్బోచార్జర్ బిగించినది. ఇందులో మీరు ఇంటర్మీడియట్‌లో చదివిన వాయు నియమాలు, దహన చర్యలు, స్థిరోష్ణక ప్రక్రియ అన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

1. స్నోమొబైల్ అంటే ఏమిటి?

ముందు భాగంలో రెండు స్కీలు, వెనక ఒక పొడవైన రబ్బరు పట్టా, మధ్యలో ఇంజన్, దాని వెనక సీటు. సూక్ష్మంగా స్నోమొబైల్ అంటే ఇంతే. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో వాల్కూర్ అనే ఊరికి చెందిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే 1930ల్లోనే మంచు మీద నడిచే పెద్ద వాహనాలను తయారు చేశాడు. ఒకరిద్దరు ఎక్కగలిగే చిన్న 'స్కీ-డూ' 1959లో అమ్మకానికి వచ్చింది. మన దేశంలో గుల్మార్గ్ వెళ్లినవారు ఇలాంటి బండ్లను చూసే ఉంటారు.

అమెరికా పశ్చిమాన, కెనడాలో రాకీ పర్వతాలున్నాయి. అక్కడ ఈ బండ్లతో నిటారైన మంచు వాలులు ఎక్కుతారు. మోంటానా రాష్ట్రంలోని వెస్ట్ ఎల్లోస్టోన్ అనే చిన్న ఊరే సుమారు 2000 మీటర్ల ఎత్తులో ఉంది. చుట్టుపక్కల కొండలు ఇంకా ఎత్తు. అంత ఎత్తులో గాలి పల్చన, కాబట్టి ఇంజన్ శక్తి తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికే టర్బోచార్జర్ వాడతారు. అయితే గాలిని పెంచితే పెట్రోలును కూడా లెక్క ప్రకారం పెంచాలి. ఆ లెక్కే మన పాఠం.

2. ఎంత గాలికి ఎంత పెట్రోలు?

పెట్రోలుకు ప్రతినిధిగా ఆక్టేన్‌ను తీసుకుందాం. ఒక మోల్ ఆక్టేన్ బరువు 114 గ్రాములు. అది పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారడానికి 12.5 మోల్‌ల ఆక్సిజన్, అంటే 400 గ్రాములు కావాలి. అంటే 1 గ్రాము ఆక్టేన్‌కు సుమారు 3.5 గ్రాముల ఆక్సిజన్. గాలిలో ఆక్సిజన్ బరువు వంతు సుమారు 23 శాతం. కాబట్టి 1 గ్రాము ఆక్టేన్‌కు దాదాపు 15 గ్రాముల గాలి కావాలి. నిజమైన పెట్రోలు అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం కాబట్టి దానికి ఈ సంఖ్య 14.7గా తీసుకుంటారు.

దీనికంటే గాలి ఎక్కువైతే దాన్ని పల్చని మిశ్రమం అంటాం. మెకానిక్కులు 'లీన్' అంటారు. పెట్రోలు ఎక్కువైతే చిక్కని మిశ్రమం, వారి మాటలో 'రిచ్'.

మరి 14.7 దగ్గరే ఇంజన్ గరిష్ఠ శక్తి ఇస్తుందా? ఇవ్వదు. సిలిండర్‌లో పెట్రోలు ఆవిరి ప్రతి మూలకూ సమానంగా కలవదు. మంటకు దొరికే సమయం సెకనులో వెయ్యో వంతుల్లోనే. ఉన్న ఆక్సిజన్ ఏదీ వృథా కాకూడదంటే పెట్రోలు కొంచెం ఎక్కువే ఉండాలి. అందుకే గరిష్ఠ శక్తి సుమారు 12.5 నుంచి 13 మధ్య దొరుకుతుంది. టర్బో ఇంజన్లను పూర్తి లోడు మీద ఇంకొంచెం చిక్కగా ఉంచుతారు. అదనపు పెట్రోలు ఆవిరవుతూ బాష్పీభవన గుప్తోష్ణాన్ని లోపలి గాలి నుంచే తీసుకుంటుంది. ఎండాకాలంలో ముంగిట నీళ్లు చల్లితే చల్లబడ్డట్టే సిలిండర్ కూడా చల్లబడుతుంది. ఇక్కడ పెట్రోలు ఇంధనమే కాదు, చల్లదనం ఇచ్చే ద్రవం కూడా అని గుర్తుంచుకోండి.

3. ఎత్తు చేసే పని, చలి చేసే పని

సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం సుమారు 101 కిలోపాస్కల్‌లు. 3000 మీటర్ల ఎత్తులో అది సుమారు 70 మాత్రమే. అయితే ఇంజన్‌కు కావలసింది గాలి ద్రవ్యరాశి, అంటే సాంద్రత. సాంద్రత పీడనానికి అనులోమానుపాతంలోనూ, కెల్విన్ ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలోనూ ఉంటుంది.

3000 మీటర్ల ఎత్తులో, మైనస్ 15 డిగ్రీల చలిలో, అంటే 258 కెల్విన్ దగ్గర లెక్క వేస్తే ఘనపు మీటరుకు 0.945 కిలోగ్రాములు వస్తుంది. సముద్ర మట్టంలో 15 డిగ్రీల దగ్గర అది 1.225. అంటే కొండ మీద దొరికేది 77 శాతం గాలి.

ఇప్పుడు కార్బురేటర్ సంగతి చూద్దాం. గాలి ఇరుకైన గొంతులోంచి వేగంగా పోతుంటే అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలే జెట్‌లోంచి పెట్రోలును పైకి లాగుతుంది. గాలి సాంద్రత 77 శాతానికి పడిపోతే పీడన వ్యత్యాసం కూడా 77 శాతానికి పడిపోతుంది. కానీ పెట్రోలు ప్రవాహం ఆ వ్యత్యాసపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. 0.77కు వర్గమూలం 0.88. అంటే గాలి 23 శాతం తగ్గితే పెట్రోలు 12 శాతమే తగ్గింది. కింద 12.5 దగ్గర సరిచేసిన మిశ్రమం కొండ మీద 11 దగ్గరికి చేరి చిక్కబడుతుంది. ఇంజన్ ముక్కుతుంది, పొగ వదులుతుంది. పాత కార్బురేటర్ బైకుల మీద మన కుర్రాళ్లు లద్దాఖ్ కనుమలు ఎక్కినప్పుడు బండి ఆయాసపడటానికి గల కారణాల్లో ఇది ఒకటి.

దీనికి ఎదురు పరిస్థితి ఇంకా ప్రమాదకరం. మధ్యాహ్నం సున్నా డిగ్రీల దగ్గర ఒకాయన జెట్‌లు సరిగ్గా అమర్చుకున్నాడు. మర్నాడు ఉదయం అదే చోట మైనస్ 25 డిగ్రీలు. 273ను 248తో భాగించండి. గాలి 10 శాతం దట్టమైంది. వర్గమూలం లెక్కన పెట్రోలు 5 శాతమే పెరిగింది. 12.5గా ఉన్న మిశ్రమం 13.1 అయింది. జెట్‌ను ఎవరూ ముట్టుకోలేదు, స్క్రూ ఎవరూ తిప్పలేదు. మిశ్రమం మాత్రం రాత్రికి రాత్రే పల్చబడింది.

4. టర్బోచార్జర్ ఏం చేస్తుంది?

ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి వాయువుల్లో ఇంకా చాలా శక్తి మిగిలి ఉంటుంది. దానితో ఒక చిన్న టర్బైన్‌ను తిప్పి, అదే ఇరుసు మీద ఉన్న కంప్రెసర్‌తో బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపితే ఎలా ఉంటుంది? స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో ఈ ఆలోచనకు పేటెంట్ పొందాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫోర్డ్ మాస్ విమానాల కోసం తయారైన లిబర్టీ ఇంజన్‌కు టర్బో బిగించి, కొలరాడోలో సుమారు 4300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ మీదికి తీసుకెళ్లి పరీక్షించాడు. పల్చని గాలిలో పోయిన శక్తి తిరిగి వచ్చింది. నేటి స్నోమొబైల్ చేసేదీ అదే.

మన 3000 మీటర్ల కొండ మీదికి తిరిగి వద్దాం. టర్బో 70 కిలోపాస్కల్‌ల గాలిని 100కు నొక్కింది. పీడనం 43 శాతం పెరిగింది. మరి పెట్రోలు కూడా 43 శాతం పెంచాలా?

తొందరపడకండి. సైకిల్ పంపు కొడితే దాని అడుగు భాగం వేడెక్కడం మీకు తెలిసిందే. నొక్కిన గాలి వేడెక్కుతుంది. స్థిరోష్ణక సూత్రం ప్రకారం 258 కెల్విన్ గాలి ఇక్కడ సుమారు 28 డిగ్రీలు వేడెక్కాలి. కంప్రెసర్ దక్షత 70 శాతం అనుకుంటే నిజమైన పెరుగుదల 40 డిగ్రీలు. అంటే గాలి 298 కెల్విన్‌కు, మన భాషలో 25 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. ఇప్పుడు సాంద్రత 1.17. మొదటి 0.945తో పోలిస్తే 24 శాతమే ఎక్కువ. పీడనం 43 శాతం పెరిగినా గాలి పెరిగింది 24 శాతమే. పెట్రోలు పెరగాల్సిందీ అంతే.

ఇదే బండికి ఒకాయన తరువాత ఇంటర్‌కూలర్ తగిలించాడు అనుకోండి. అది నొక్కిన గాలిని తిరిగి చల్లబరిచే పరికరం. గాలి 25 నుంచి 5 డిగ్రీలకు చల్లబడింది. సాంద్రత 1.25 అయింది, అంటే మొదటిదానికంటే 33 శాతం ఎక్కువ. పెట్రోలు మాత్రం పాత లెక్క ప్రకారం 24 శాతమే ఎక్కువ వెళుతోంది. 12.5గా ఉన్న మిశ్రమం 13.4 అవుతుంది. ఇంజన్‌కు మేలు చేయాలని పెట్టిన పరికరమే మిశ్రమాన్ని పల్చన చేసింది. ఇంజన్‌లో ఏ ఒక్కటి మార్చినా మొత్తం లెక్క మళ్లీ వేయాలి అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండిలో కూడా ఒక మెలిక ఉంది. ఇంజెక్టర్ వెనక పెట్రోలు పీడనం బయటి గాలి కంటే 300 కిలోపాస్కల్‌లు ఎక్కువ ఉందనుకుందాం. ఎదుట టర్బో 30 కిలోపాస్కల్‌ల అదనపు పీడనం పెడితే మిగిలే తేడా 270 మాత్రమే. వర్గమూలం లెక్కన పెట్రోలు 5 శాతం తగ్గుతుంది. గాలి పెరిగే వేళకే పెట్రోలు తగ్గడమన్నమాట. అందుకే టర్బో పీడనం పెరిగినంతా పెట్రోలు పీడనాన్నీ పెంచే రెగ్యులేటర్ వాడతారు. టర్బో కార్బురేటర్‌లోకి గాలి ఊదే పద్ధతిలో ఫ్లోట్ గిన్నెకు కూడా అదే పీడనం అందించాలి. లేకపోతే పెట్రోలు పైకి రాదు.

5. పల్చని మిశ్రమం పిస్టన్‌ను ఎలా తినేస్తుంది?

అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సిలిండర్‌లో మంట ఉష్ణోగ్రత 2000 డిగ్రీలు దాటుతుంది. అయినా అల్యూమినియం పిస్టన్ కరగదు. దాని ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఒక పల్చని చల్లని వాయు పొర ఉంటుంది. అదే కవచం. మంట క్షణికం. వచ్చిన వేడి సిలిండర్ గోడలోకి వెళ్లిపోతుంది.

స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట క్రమంగా వ్యాపించాలి. కానీ వేడి, పీడనం మితిమీరితే చివర మిగిలిన మిశ్రమం మంట రాకముందే తనంతట తానే ఒక్కసారిగా పేలుతుంది. దీన్నే డిటోనేషన్ అంటారు. ఆ పీడన తరంగాలు పిస్టన్‌ను కాపాడే వాయు పొరను చెరిపేస్తాయి. ఇక కవచం లేదు. పిస్టన్ అంచు గుంటలు పడుతుంది, మధ్యలో చిల్లు కూడా పడవచ్చు. పూర్తి లోడు మీద దీనికి కొన్ని సెకన్లు చాలు.

పల్చని మిశ్రమం రెండు విధాలుగా ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. గరిష్ఠ శక్తి స్థానం దాటి పల్చన చేస్తే మంట ఇంకా వేడిగా ఉంటుంది, చల్లబరిచే అదనపు పెట్రోలు మాత్రం ఉండదు. పెట్రోలులోనే ఆయిల్ కలిపే యంత్రాల్లో మూడో దెబ్బ కూడా ఉంది. పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గుతుంది. నా స్కూటరుకు జరిగింది సరిగ్గా అదే. కూలబోయే ముందు ఇంజన్ హుషారుగా ఉండటానికి కారణం ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అతి చిక్కదనం నుంచి పల్చన చేస్తూ వస్తే శక్తి మొదట పెరుగుతుంది. గరిష్ఠ స్థానానికి, గండానికి మధ్య దూరం చాలా తక్కువ.

ఇక్కడ పెట్రోలు నాణ్యత గురించి ఒక మాట. రాకీ పర్వత రాష్ట్రాల్లో కొన్ని బంకుల్లో 85 ఆక్టేన్ సంఖ్య గల పెట్రోలు అమ్ముతారు. పల్చని గాలిలో సాధారణ ఇంజన్‌లో పీడనం తక్కువ కాబట్టి పాతకాలపు బండ్లకు అది సరిపోయేది. కానీ టర్బో కొండ మీద కూడా సముద్ర మట్టపు గాలినే ఇస్తోంది కదా! కాబట్టి ఎత్తు ఇచ్చిన ఆ రాయితీ టర్బో బండికి వర్తించదు. మరొకటి. అమెరికా బంకుల మీద రాసే సంఖ్య రెండు పరీక్షల సగటు. మన దేశంలో చెప్పేది వాటిలో ఒక పరీక్ష సంఖ్య మాత్రమే. అందువల్ల మన 91, వారి 91 ఒకటి కావు. మన 91 వారి లెక్కలో సుమారు 87.

6. మిశ్రమాన్ని సరిచేసే పద్ధతి

అనుభవం ఉన్నవారు పాటించే క్రమం ఇది. దీనిలో ప్రయోగశాల క్రమశిక్షణ మీకు కనిపిస్తుంది.

మొదటిది: చిక్కని మిశ్రమంతో, తక్కువ టర్బో పీడనంతో మొదలుపెట్టాలి. చిక్కదనంలో తప్పు జరిగితే ప్లగ్ మసిబారుతుంది, దాన్ని మార్చుకోవచ్చు. పల్చదనంలో తప్పు జరిగితే ఇంజన్ పోతుంది. తెలియనప్పుడు చవకగా తేలే తప్పు వైపే ఉండాలి.

రెండవది: ఎత్తు, ఉష్ణోగ్రత, పీడనం, పెట్రోలు రకం పుస్తకంలో రాసుకోవాలి. ఇవి లేని కొలత ఎందుకూ పనికిరాదు.

మూడవది: ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, చదునైన చోట కొద్ది సెకన్లు మాత్రమే పూర్తి థ్రాటిల్ ఇచ్చి, ఇంజన్ ఆపి ప్లగ్ విప్పి చూడాలి. ప్లగ్ పింగాణీ మీద మెరిసే సూక్ష్మమైన అల్యూమినియం చుక్కలు కనిపిస్తే పరీక్ష అక్కడితో ఆపాలి. అవి పిస్టన్ నుంచి ఊడి వచ్చినవి.

నాలుగవది: ఒకసారికి ఒక్కటే మార్చాలి, అదీ రెండు మూడు శాతం చొప్పునే. స్నోమొబైల్‌లో బెల్టు క్లచ్ పూర్తి థ్రాటిల్ దగ్గర ఇంజన్ వేగాన్ని దాదాపు స్థిరంగా, చాలా రెండు స్ట్రోకుల బండ్లలో నిమిషానికి సుమారు 8000 చుట్ల దగ్గర ఉంచుతుంది. శక్తి పెరిగినా తగ్గినా ఆ సంఖ్యలో కొద్ది వందల తేడా కనిపిస్తుంది. పల్చన చేసినా శక్తి ఇక పెరగని చోట ఆగి, ఒక మెట్టు చిక్కదనం వైపు వెనక్కి రావాలి.

ఐదవది: అప్పుడే టర్బో పీడనాన్ని కొంచెం పెంచి, మళ్లీ మొదటి నుంచి చూడాలి. థ్రాటిల్ హఠాత్తుగా తెరిచినప్పుడు టర్బో పుంజుకునే క్షణాన్ని ప్రత్యేకంగా గమనించాలి. గాలి ముందు వచ్చి పెట్రోలు వెనకబడేది అక్కడే.

కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి మిశ్రమాన్ని చెప్పే సెన్సార్ నాలుగు స్ట్రోకుల ఇంజన్లో బాగా పనిచేస్తుంది. రెండు స్ట్రోకుల ఇంజన్లో కొంత తాజా మిశ్రమం మండకుండానే బయటికి పోతుంది. ఆయిల్ కూడా సెన్సార్‌ను పాడుచేస్తుంది. కాబట్టి ఆ అంకెను సూటిగా నమ్మలేం. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత మరో ఆధారం. పల్చబడే కొద్దీ అది పెరుగుతుంది. కానీ డిటోనేషన్ మొదలైతే వేడి పిస్టన్‌లోకి పోయి, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత తగ్గినట్టు కూడా కనిపించవచ్చు. అది చూసి చల్లబడిందని మురిసిపోతే అంతే సంగతులు. అందుకే ప్లగ్, ఉష్ణోగ్రత, ఇంజన్ వేగం, డిటోనేషన్ సెన్సార్ అన్నీ ఒకే మాట చెప్పినప్పుడే నమ్మాలి.

7. ప్రాణాల మాట

నా స్కూటరు ఆగితే బస్సెక్కి ఇంటికి వచ్చాను. మంచు వాలు మధ్యలో ఇంజన్ ఆగితే అలా కుదరదు. పైనుంచి హిమపాతం జారవచ్చు, చీకటి పడితే చలి చంపేయవచ్చు. అందుకే ఈ పరీక్షలు చదునైన చోట, తోడు ఉండగా చేస్తారు. కొండ ఎక్కేవారు హిమపాతంలో కూరుకుపోయినవారి జాడ తెలిపే పరికరం, పార వెంట ఉంచుకుంటారు. చిక్కని మిశ్రమానికీ ఒక విషముంది. ఆక్సిజన్ చాలక పెట్రోలు సగం మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలిగా ఉందని తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడపడం ప్రాణాంతకం.

8. నేటి స్థితి, మన సంగతి

కంపెనీయే టర్బోతో తయారుచేసిన మొదటి రెండు స్ట్రోకుల స్నోమొబైల్‌గా స్కీ-డూ 2020 మోడల్ వచ్చింది. ఇలాంటి బండ్లలో కంప్యూటర్ పీడనం, ఉష్ణోగ్రత కొలిచి పట్టిక ప్రకారం పెట్రోలు పంపుతుంది. అయితే ఆ పట్టిక నింపింది మనుషులే, ఇప్పుడు మనం వేసిన లెక్కలతోనే. బయట కొన్న టర్బో తగిలించేవారు ఆ పట్టికను మళ్లీ రాసుకోవాల్సిందే.

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోకండి. ఇథనాల్‌కు కావలసిన గాలి 9 వంతులే. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆ సంఖ్య 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతుంది. మన దేశం 2025లో ఈ 20 శాతం స్థాయికి చేరింది. కంప్యూటర్ ఉన్న వాహనం సెన్సార్ సాయంతో చాలావరకు సర్దుకుంటుంది. పాత కార్బురేటర్ బండికి ఆ తెలివి లేదు. దాని మిశ్రమం తనకు తెలియకుండానే పల్చబడుతుంది. మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే, ఈ పాఠం దాని గురించి కూడా.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకుందాం. ఏ కారణమూ లేకుండా ఇంజన్ హుషారెక్కితే సంతోషించకండి, భయపడకండి. ఆపి, ప్లగ్ విప్పి చూడండి.

ఆలోచించి జవాబులు రాయండి

1. 3000 మీటర్ల ఎత్తులో, మైనస్ 15 డిగ్రీల దగ్గర టర్బో గాలిని 70 నుంచి 120 కిలోపాస్కల్‌లకు నొక్కింది. కంప్రెసర్ దక్షత 70 శాతం. గాలి సాంద్రత ఎంత శాతం పెరుగుతుంది?
2. సముద్ర మట్టంలో సరిచేసిన కార్బురేటర్ బండి కొండ మీద చిక్కబడుతుంది. కొండ మీద సరిచేసిన బండిని సముద్ర మట్టానికి తెస్తే ఏమవుతుంది? రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదకరం? ఎందుకు?
3. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత తగ్గడానికి రెండు వేర్వేరు కారణాలు చెప్పండి. ఆ రెండింటినీ ఎలా వేరు చేస్తారు?